పాత బండి చెప్పే నిజాలు

కిందటి సంవత్సరం జూన్‌లో ఒక సాయంత్రం గొలుగొండ వైపు పల్లెటూరి నుంచి ఒక రైతు, ఆయన కూతురు మా ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయి నా దగ్గరే పదో తరగతి చదివింది. ఇంటర్మీడియట్ పాసై నర్సీపట్నంలో డిగ్రీలో చేరబోతోంది. వాళ్ల వూరికీ కాలేజీకీ మధ్య 14 కిలోమీటర్లు. ఉదయం బస్సు మొదటి క్లాసు అయ్యాక గాని చేరదు. సాయంత్రం బస్సు తప్పితే చీకటిపడేదాకా ఆటో కోసం నిలబడాలి.

"బండి కొంటే సదువు సాగుతాది మాస్టారూ. నేకపోతే ఈ యేటికి ఆపేద్దామంటంది వాళ్లమ్మ" అన్నాడాయన. చేతిలో జీడిపిక్కలు అమ్మిన డబ్బు 40,000 రూపాయలుంది. కొత్త స్కూటీ ఆ డబ్బుకు రాదు. ఎవరో ఒక సెకండ్ హ్యాండ్ బండి చూపించారట. ఎర్రగా, అద్దంలా మెరిసిపోతోందట. "మీరు సైన్సు మాస్టారు గదా, ఒకపాలి సూసి సెప్పండి" అన్నాడు.

నేను మెకానిక్‌ను కాను. పైగా నా సొంత చరిత్ర గొప్పదేమీ కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రంగు చూసి ఒక పాత మోపెడ్ కొన్నాను. అమ్మినాయన దాన్ని శుభ్రంగా కడిగి, నూనె పూసి, వేడివేడిగా నాకు అప్పగించాడు. మర్నాడు ఉదయం అది స్టార్టు కాలేదు. ఆ తర్వాత నాలుగు నెలలపాటు నేను దాన్ని తోసిన దూరమే ఎక్కువ. బి.ఇడి. చదివినవాణ్ణి, పిల్లలకు దహనం పాఠం చెప్పేవాణ్ణి, ఆ పాఠాన్ని బండి దగ్గరికి తీసుకువెళ్లాలని నాకు తోచలేదు. ఈసారి తీసుకువెళ్లాను. అక్కడ చూసినవే మీకు చెబుతాను.

అంతకంటే ముందు ఒక మాట. మీలో చాలామందికి ఇంకా పద్దెనిమిదేళ్లు నిండలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 నిండనిదే ఇలాంటి బండి నడపకూడదు. పదహారేళ్లకు లైసెన్సు వస్తుందని ఎవరైనా అంటే, అది 50 సి.సి. మించని ఇంజనుకు మాత్రమే. మీ ఇంట్లో వున్న 110 సి.సి. స్కూటీకి అది పనికిరాదు. 2019లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం పిల్లలు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్లదాకా జైలు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. కాబట్టి మీరు నడపవద్దు. కాని అన్నయ్యకో అక్కకో బండి చూడటానికి ఇంట్లోవాళ్లు వెళ్లినప్పుడు మీరూ వెంట వెళ్లండి. చూడటానికి లైసెన్సు అక్కరలేదు గదా!

బియ్యంలో రాళ్లు

పాత బండి కొనడంలో వున్న అసలు చిక్కు ఏమిటి? బండిలో వున్న లోపం అమ్మేవాడికి తెలుసు. కొనేవాడికి తెలియదు. ఇంత చిన్న విషయం మీద ఒక ఆర్థికశాస్త్రవేత్త వ్యాసం రాసి నోబెల్ బహుమతి అందుకున్నాడంటే నమ్ముతారా? ఆయన పేరు జార్జ్ అకర్లాఫ్. అమెరికాలో పనికిమాలిన కారును 'లెమన్', అంటే నిమ్మకాయ అంటారు. పాత కార్ల సంతలో నిమ్మకాయలే ఎందుకు మిగులుతాయన్నది ఆయన ప్రశ్న. వ్యాసాన్ని మూడు పత్రికలు తిప్పి పంపాయి. నాలుగోది 1970లో అచ్చువేసింది. 2001లో మరో ఇద్దరితో కలిపి ఆయనకు బహుమతి వచ్చింది.

లెక్క చూడండి. ఒక వూళ్లో పది పాత స్కూటర్లు అమ్మకానికి వున్నాయనుకుందాం. అయిదు మంచివి, ఒక్కొక్కటి 50,000 రూపాయలు చేస్తుంది. మిగతా అయిదు చెడ్డవి, 20,000 చేస్తాయి. పైకి అన్నీ ఒకేలా వున్నాయి. కొనేవాడు ఏం చేస్తాడు? మధ్యస్థంగా 35,000 ఇస్తానంటాడు. అప్పుడు మంచి బండి వున్నాయన "ఇంత మంచి బండిని ఆ ధరకా? నేనే వాడుకుంటాను" అని ఇంటికి తీసుకుపోతాడు. చెడ్డ బండి వున్నాయన మాత్రం సంతోషంగా నిలబడతాడు. చివరికి సంతలో మిగిలేవి ఏవో మీకే తెలుస్తోంది. మోసగాడివల్ల నష్టపోయేది కొనేవాడొక్కడే కాదు, నిజాయితీగా అమ్మేవాడు కూడా!

అకర్లాఫ్ 1967-68లో ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో వున్నాడు. ఆ వ్యాసంలో మన దేశపు గృహిణుల ప్రస్తావన కూడా వుంది. బజారు బియ్యంలో అదే రంగు, అదే ఆకారం గల రాళ్లు కావాలని కలుపుతారనీ, ఇల్లాళ్లు వాటిని ఏరుకోవలసి వస్తోందనీ రాశాడు. మీ అమ్మమ్మ చేటలో బియ్యం పోసుకుని చేసిన పని అదే. బండికి కూడా అలాంటి చేట ఒకటి కావాలి. మీ భౌతిక, రసాయన శాస్త్రాల పుస్తకాలే ఆ చేట.

చల్లని ఇంజను

మేము వెళ్లేసరికి ఎర్ర స్కూటీ ఇంటి ముందు నిలబెట్టి వుంది. అమ్మేవాడు బటను నొక్కగానే బ్రహ్మాండంగా స్టార్టయింది. రైతు మొహం వికసించింది. నేను దాన్ని ఆపించి, ఇంజను పక్కన ఒక బెత్తెడు దూరంలో అరచెయ్యి వుంచాను. (సైలెన్సరును ముట్టుకోకండి, తోలు వూడిపోతుంది.) సెగ కొడుతోంది. అంటే మేము వచ్చేముందే ఆయన దాన్ని ఒక చుట్టు తిప్పి తెచ్చాడన్నమాట. "రేపు ఉదయం ఆరింటికి వస్తాం, అప్పటిదాకా తియ్యకండి" అని చెప్పి వచ్చేశాం.

ఎందుకు? ఇంజనులో పిస్టను పైకి పోతున్నప్పుడు పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని సుమారు తొమ్మిదో వంతుకు నొక్కుతుంది. నొక్కిన వాయువు వేడెక్కుతుంది. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కడం మీకు తెలుసు. ఆ వేడి, ఆ ఒత్తిడి వుంటేనే ప్లగ్గు నిప్పురవ్వకు మిశ్రమం సరిగా అంటుకుంటుంది. పిస్టను చుట్టూ వుండే రింగులు ఆ ఒత్తిడి జారిపోకుండా కాపలా కాస్తాయి.

ఆ రింగులు ఎంత కష్టపడతాయో ఒక లెక్క చెబుతాను. పిస్టను ఒకసారి కదిలే దూరం 55 మిల్లీమీటర్లు అనుకోండి. నిమిషానికి 5,000 చుట్లు. చుట్టుకొకసారి పైకి, ఒకసారి కిందికి. అంటే నిమిషానికి 550 మీటర్లు, గంటకు 33 కిలోమీటర్లు. మీరు బండి మీద కాలేజీకి పోయి వచ్చేలోగా పిస్టను ఆ చిన్న సిలిండరులోనే అటూ ఇటూ కొన్ని పదుల కిలోమీటర్లు పరుగెత్తుతుంది. నూనె తగ్గినా, మట్టి చేరినా అరుగుదల తప్పదు. అరిగిన రింగుల సందులోంచి ఒత్తిడి జారిపోతుంది. వేడి ఇంజనులో పెట్రోలు తేలికగా ఆవిరవుతుంది, భాగాలు వ్యాకోచించి సందులు కొంత మూసుకుంటాయి, అందువల్ల ఆ లోపం దాగుతుంది. రాత్రంతా చల్లబడిన ఇంజనులో దాగదు.

మర్నాడు ఆరింటికి బటను పనిచేయలేదు. కిక్కు మీద చేత్తో నొక్కి చూశాను. మంచి ఇంజనైతే ఒకచోట బలంగా ఎదురు తన్నుతుంది. ఇది నీళ్లలో కర్ర పెట్టినట్టు మెత్తగా దిగిపోయింది. ఎనిమిదో కిక్కుకు స్టార్టయింది, నీలం పొగ వదిలింది.

పొగ రంగు మీద ఆధారపడి చాలా చెప్పవచ్చు. పెట్రోలులో వున్నవి కార్బను, హైడ్రోజను. అవి సరిగా మండితే కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి వస్తాయి. ఈ రెంటికీ రంగు లేదు. ఉదయం చలిలో కాసేపు తెల్లగా కనిపించేది ఆ నీటి ఆవిరి చల్లబడి ఏర్పడిన తుంపరలే, దానికి భయపడనక్కరలేదు. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువై, గాలి చాలక, కార్బను మండకుండా మసిగా బయటికి వస్తోందని అర్థం. ఇది చాలాసార్లు ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేస్తే పోతుంది. నీలం పొగ మాత్రం చెడ్డ కబురు. రింగులు దాటిగాని, వాల్వుల దారినగాని ఇంజను నూనె లోపలికి దిగి మండుతోందన్నమాట. మరి నీలమే ఎందుకు? మండీ మండని నూనె అతి సన్నని బిందువులుగా గాలిలో తేలుతుంది. అంత సన్నని కణాలు కాంతిలో తక్కువ తరంగదైర్ఘ్యం గల నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. పదో తరగతిలో టిండాల్ ప్రభావం అని చదువుతారే, అదే! పాతకాలపు టూ స్ట్రోకు మోపెడ్‌లలో నూనెను పెట్రోలులోనే కలిపి పోసేవారు కాబట్టి వాటికి నీలం పొగ సహజం. ఇప్పటి ఫోర్ స్ట్రోకు బండికి అది రాకూడదు.

(పొగ పరీక్ష ఎప్పుడూ ఆరుబయటే చెయ్యాలి. మూసిన షెడ్డులో ఇంజను నడిపితే కార్బన్ మోనాక్సైడు చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు, ప్రాణం తీస్తుంది.)

"బోరు చేయిస్తే సరిపోద్ది" అన్నాడు అమ్మేవాడు. నిజమే, కాని ఆ ఖర్చెవరిది?

అప్పుడు అమ్మాయి టైరు పక్కన కూర్చుని, "మాస్టారూ, ఇక్కడ 2322 అని వుంది" అంది. టైరు పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2322 అంటే 2022వ సంవత్సరంలో 23వ వారంలో తయారైన టైరు. సీ బుక్కులో బండి తయారైంది 2018లో. మీటరు చూపిస్తున్నది 9,000 కిలోమీటర్లు. తొమ్మిది వేలు కూడా నడవని బండికి నాలుగేళ్లకే టైరు ఎందుకు మార్చారు? హ్యాండిలు పట్టు నున్నగా అరిగిపోయింది. కాళ్ల కింది రబ్బరు చాప మీద చారలు కనిపించడంలేదు. మీటరు ఒక మాట చెబుతోంది, మిగతావన్నీ ఇంకో మాట చెబుతున్నాయి. మీటరును వెనక్కి తిప్పవచ్చు. అరిగిన రబ్బరును తిరిగి మొలిపించడం ఎవరితరం కాదు. ఆ పిల్ల పరిశీలనకు నాకు చాలా ముచ్చటేసింది.

"గురువుగారూ, మీరు కొనడానికొచ్చారా, పరీక్ష పెట్టడానికొచ్చారా?" అన్నాడు అమ్మేవాడు. రెండోదానికే అన్నాను. బండి ఫెయిలైంది.

బ్రేకులో వేడి

రెండో బండి సంగతి తర్వాత చెబుతాను. బ్రేకుల గురించి మాత్రం కాస్త ఓపిగ్గా వినాలి. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది. బ్రేకు చెడితే ఆగదు.

బండి 110 కిలోలు, ఇద్దరు అమ్మాయిలు, వాళ్ల సంచులు కలిపి 90 కిలోలు, మొత్తం 200 కిలోలు అనుకోండి. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. గతిజశక్తి ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణిస్తే వస్తుంది: 10,000 జౌళ్లు. గంటకు 54 కిలోమీటర్లైతే? వేగం ఒకటిన్నర రెట్లే, శక్తి 22,500 జౌళ్లు. బ్రేకు వేసినప్పుడు ఈ శక్తి ఎక్కడికి పోతుంది? డ్రమ్ముకూ షూలకూ మధ్య ఘర్షణలో ఉష్ణంగా మారుతుంది. బ్రేకు అంటే చలనాన్ని వేడిగా మార్చే యంత్రం. అంతకు మించి మరేమీ కాదు.

ఇప్పుడు మన కొండ దారి సంగతి చూద్దాం. నర్సీపట్నం సముద్రమట్టానికి 60 మీటర్ల ఎత్తులోపు వుంది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున వుంది. చలికాలంలో మంచు చూడటానికి కాలేజీ పిల్లలు బళ్లమీద గుంపులుగా పోతారు. దిగివచ్చేటప్పుడు 900 మీటర్లు దిగారనుకోండి. 200 కిలోల బండి కోల్పోయే స్థితిజశక్తి 200 × 9.8 × 900, అంటే 17,64,000 జౌళ్లు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండిని 176 సార్లు ఆపినంత! ఆ వేడితో 30 డిగ్రీల దగ్గర వున్న ఆరు లీటర్ల నీళ్లను మరిగే స్థితికి తేవచ్చు. కొంత గాలి నిరోధం తీసుకుంటుంది, కొంత ఇంజను పట్టు తీసుకుంటుంది. మిగిలినదంతా అరచేతిలో పట్టేంత బ్రేకు షూల మీద పడుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరంగా జరుగుతుంది, షూ మీది పదార్థం పట్టు తగ్గుతుంది, బ్రేకు లివరు ఎంత నొక్కినా మెత్తగా లోపలికి పోతుంది. ఘాట్ దిగేటప్పుడు ఇంజను ఆపేసి పెట్రోలు పొదుపు చేశామని చెప్పేవాళ్లను నేను చూశాను. వాళ్లు ఇంజను పంచుకోవలసిన భారాన్ని కూడా బ్రేకు నెత్తిన పెడుతున్నారు.

కాబట్టి పాత బండిలో షూలు ఎంత మిగిలాయో చూడాలి. చక్రం విప్పనక్కరలేదు. డ్రమ్ము బ్రేకు దగ్గర, లివరు కదిలే చోట ఒక చిన్న బాణం గుర్తు వుంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు ఆ బాణం డ్రమ్ము మీది గీతకు చేరిందంటే షూలు అయిపోయాయన్నమాట. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. లోపు బళ్లకు రెండు బ్రేకులు కలిపి పనిచేసే ఏర్పాటుగాని, ఎ.బి.ఎస్. గాని తప్పనిసరి చేశారు. కలిపిన బ్రేకున్న స్కూటీలో ఎడమ లివరు నొక్కితే వెనుకదానితోపాటు ముందు బ్రేకు కూడా కొంత పట్టాలి. అంతకు ముందు తయారైన బళ్లలో చాలావాటికి ఈ సదుపాయం లేదు. అయిదారు వేలు ఎక్కువైనా 2019 తర్వాతి బండికే నా ఓటు.

ఇంకో రెండు చిన్న పరీక్షలున్నాయి. బండిని సెంటరు స్టాండు మీద నిలబెట్టి, వెనుక ఎవరినైనా నొక్కిపట్టమని, ముందు చక్రం గాలిలోకి లేవగానే హ్యాండిలును మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో ఎక్కడో పట్టుకున్నట్టు తగిలితే కోన్ సెట్ అరిగింది. రెండోది తుప్పు పరీక్ష. వంగి, టార్చి వేసి, కాళ్లు పెట్టుకునే పలక కింద చూడండి. ఇనుము తుప్పు పట్టడం ఒక విద్యుత్ రసాయన చర్య, దానికి తేమతోపాటు ఉప్పు తోడైతే వేగం పెరుగుతుంది. అందుకే విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలిన బండికి మా వూరి బండికంటే ముందుగా తుప్పు వస్తుంది. పైన రంగు వేస్తారు, అడుగున వెయ్యరు.

సీ బుక్కు

రెండో బండి చాలా మంచిది. చల్లని ఇంజను మొదటి నొక్కుకే పలికింది. పొగ లేదు. షాసీ మీద చెక్కిన నంబరు సీ బుక్కులోని నంబరుతో సరిపోయింది. కాని సీ బుక్కులో ఒక ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా వుంది. అప్పు తీర్చేశామంటాడు, తీరినట్టు కంపెనీ ఇచ్చే పత్రం, 35వ నంబరు ఫారం చూపించమంటే వారం గడువు అడిగాడు. వారం పోయింది, ఇంకో వారం అన్నాడు. కాలేజీ తెరిచేశారు. ఆ పిల్ల అప్పటికే నాలుగు రోజులు ఆటోలో పోయి వచ్చింది. వదులుకోవడం నాకూ కష్టంగానే తోచింది. కాని అప్పుతో వున్న బండి కొంటే, డబ్బు మనది, బండి ఫైనాన్సు వాళ్లది అవుతుంది.

కాగితాలు అమ్మేవాడికి కూడా ముఖ్యమే. పేరు మారలేదనుకోండి, బండి ప్రమాదానికి గురైతే నష్టపరిహారం ఎవరి మీద పడుతుంది? సీ బుక్కులో పేరున్న వాడి మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అందుకే అమ్మినాయన 14 రోజుల్లోగా, కొన్నాయన 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. 29, 30 నంబర్ల ఫారాలు అందుకే వున్నాయి. బండి నంబరు తెలిస్తే దాని వివరాలు ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోవచ్చు. ఇన్స్యూరెన్సు కూడా కొత్త యజమాని పేరుకు మారాలి.

మూడోది బూడిద రంగు స్కూటీ, 2020లో తయారైంది. ఒక వైపు గీతలు, అద్దం పగిలింది. ఇంజను బాగుంది, కాగితాలు శుభ్రంగా వున్నాయి. బాణం మాత్రం గీత దాకా వచ్చేసింది. వెనుక టైరు తయారైనప్పటిది, గోరుతో నొక్కితే దిగలేదు. గాలిలోని ఆక్సిజను, ఓజోను రబ్బరును అలా గట్టిపరుస్తాయి. కోన్ సెట్ కూడా మార్చాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, మెకానిక్‌తో ఖర్చు వేయించి అమ్మేవాడికి చూపించాం. ఆయన కాదనలేదు. 38,000 చెప్పిన బండి 34,000కు వచ్చింది. షూలు, టైరు, కోన్ సెట్, అద్దం అన్నీ కలిపి నాలుగు వేలకు కొంచెం తక్కువైంది. మిగిలిన డబ్బుతో ఐ.ఎస్.ఐ. గుర్తు వున్న రెండు హెల్మెట్లు కొనిపించాను, ఒకటి వెనుక కూర్చునేవారికి. ఆయన కాస్త గొణిగాడు గాని కొన్నాడు.

ఆ అమ్మాయి లైసెన్సు పరీక్ష పాసై, పేరు మారిన సీ బుక్కుతో కాలేజీకి పోవడం మొదలుపెట్టింది. డిసెంబరులో ఒక రోజు పొద్దున్నే కంగారుగా మా ఇంటి ముందు ఆగింది. "మాస్టారూ, సైలెన్సరులోంచి నీళ్లు కారతన్నాయి!"

దాన్ని గుమ్మంలోనే కూర్చోబెట్టి సమీకరణం రాయించాను. పెట్రోలును ఆక్టేను అనుకుంటే, 114 గ్రాముల ఆక్టేను మండితే 162 గ్రాముల నీరు ఏర్పడుతుంది. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అది మండితే వచ్చే నీరు లీటరు పైచిలుకు. రోజూ ఆవిరిగా పోయేదే, చలికి చల్లని గొట్టంలో చుక్కలై కారుతోంది. "అయితే లీటరు పెట్రోలు పోస్తే లీటరు నీళ్లొస్తాయా!" అని, క్లాసుకు టైమైందని గుర్తొచ్చి, హెల్మెటు పెట్టుకుని వెళ్లిపోయింది.